కొత్త కంప్యూటరు - పాత యుత్తరములు

మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములయందు కంప్యూటరు వాడుక నానాటికి హెచ్చుచున్నది. 63,000 సంఘములను కంప్యూటరీకరించుటకై 2022 జూను నెలలో కేంద్రప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. 2025 అక్టోబరు 14 వ తేదీతో విండోస్ 10 నకు సాధారణ సహాయము ముగిసినందున పాత యంత్రములను మార్చుకొను కార్యాలయములును గలవు. కొత్త యంత్రము వచ్చుట సంతోషమే. కాని పాతదానిలోని యుత్తరముల గతి యేమి? ఈ విషయము యంత్రమును బిగించువాని యిష్టమునకు విడువదగినది కాదని మా యభిప్రాయము.

ఈమెయిలు ఎప్పుడును ఎక్కడనో భద్రముగ నుండునని పలువురు తలంతురు. అది యన్నివేళల నిజము కాదు. ఐమాప్ పద్ధతియందు ఉత్తరములు సర్వరునందు నిలిచి, ఏ కంప్యూటరునుండి చూచినను కనబడును. పాప్ పద్ధతియందు అవి కార్యాలయపు కంప్యూటరులోనికి దిగును; సర్వరునం దొక ప్రతి నిలుపు నేర్పాటు లేనిచో నచ్చట మిగులవు. ఐమాప్ వాడువారు సైతము స్థానిక ఫోల్డరులలోనికి మార్చిన యుత్తరములు ఆ యంత్రమునందే యుండును. అట్టి యంత్రమును పాతసామాను వర్తకున కిచ్చినచో జిల్లా కేంద్ర సహకార బ్యాంకు మంజూరు ఉత్తరములును, పంటబీమా గూర్చిన ఉత్తరప్రత్యుత్తరములును దానితోనే పోవును. రేపు వివాదము వచ్చినపుడు సాక్ష్యము లేక నష్టపడువాడు రైతే.

"పాత యుత్తరములను చూచువా రెవ్వరు?" అని కొందరందురు. ఇల్లు మారు రైతు దస్తావేజుల పెట్టెను బండివానికి విడువడు. తానే చేతబట్టుకొని పోవును. అతడును వానిని దినదినము చదువడు గదా!

పని కష్టమైనది కాదు. అవుట్‌లుక్‌నందు పాప్ ఖాతాల యుత్తరములు సామాన్యముగ పీఎస్టీ యను దస్త్రమున నుండును. థండర్‌బర్డ్‌నందు ఉత్తరములు, చిరునామాలు, ఖాతాల యేర్పాట్లు ప్రొఫైలు అను ఫోల్డరున నుండును. ముందు ఆ ప్రోగ్రామును మూసి, పిదపనే ప్రతి తీయవలెను; తెరచియుండగా తీసిన ప్రతి చెడవచ్చును.

కావలసినది నేర్పుకంటె క్రమము. కార్యదర్శి మారునపుడు తీర్మానముల పుస్తకమును, చిట్టాను లెక్కించి యప్పగించు నాచారము మనకు గలదు. ఉత్తరముల ఫోల్డరులకును అదియే వర్తింపవలెను. ఒక్కొక్క ఫోల్డరున నెన్ని యుత్తరములున్నవో పాత, కొత్త యంత్రములందు సరిచూచి వ్రాయవలెను. మిక్కిలి పాతవి కొన్ని తెరచి, జతపరచిన పత్రములు కూడ తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. వేరొక హార్డుడిస్కుపై రెండవ ప్రతి తీసి సంఘపు ఇనుపపెట్టెలో నుంచవలెను. ఖాతా సంకేతపదము సంఘమునదే గాని గుమాస్తాది కాదు. ఆ సంవత్సరపు ఆడిటు ముగియువరకు పాత యంత్రమును విడువరాదు. విడుచునపుడు సభ్యుల ఆధారు సంఖ్యలు పరుల పాలుగాకుండ డిస్కును పూర్తిగ తుడిపింపవలెను.

ఈ యుత్తరములు సభ్యుల యాస్తి. పాలకవర్గములవారు రాబోవు సమావేశముననే తీర్మానించి దీనిని కాపాడుదురుగాక.