‘ముగిసింది’ కాదు, ముగించారు

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ‘ముగిసింది’. ఈ క్రియాపదాన్ని చూడండి. పొద్దు వాలినట్టు, ఆకు రాలినట్టు, దానంతట అదే ముగిసిందట! మైక్రోసాఫ్ట్ కంపెనీ దాన్ని ముగించింది అనటానికి అధికారులకు, వ్యాపారులకు, ఆఖరికి కంప్యూటర్ పాఠాలు చెప్పే మనకు సైతం నోరు రావటం లేదు. ఈ వ్యాకరణంతోనే నా తగాదా.

ఇంతకూ మద్దతంటే ఏమిటి? సాఫ్ట్‌వేర్‌లో దొంగలు జొరబడగల కన్నాలు ఎప్పటికప్పుడు బయటపడుతూనే వుంటాయి. వాటిని పూడ్చే అతుకులు తయారుచేయటమే మద్దతు. సోర్స్ కోడ్ కంపెనీ గుప్పిట్లో వున్నది కాబట్టి పూడ్చే హక్కు కూడా దానిదే. అది చేతులు దులుపుకున్న నాడు యంత్రం ఆగిపోదు. తాళం లేని ఇల్లుగా మిగులుతుంది.

2015లో వచ్చిన సరుకును పదేళ్లు చూసుకోవటం చాలదా అని కంపెనీ పక్షం వారు అడుగుతారు. ఎల్లకాలం చూడాలని నేనూ అనను. కాని మరమ్మతు నిజంగా ఆగిందా? వ్యాపార సంస్థలు యంత్రానికి మొదటి ఏడు 61 డాలర్లు, రెండో ఏడు 122, మూడో ఏడు 244 చెల్లిస్తే 2028 అక్టోబరు దాకా అతుకులు అందే ఏర్పాటు వున్నది. విద్యాసంస్థలకు అదే సరుకు 1, 2, 4 డాలర్లు! దీనికి కొందరు మురిసిపోతారు. నాకు మాత్రం ఇందులో వేరే సంగతి కనబడుతున్నది: ఒకే అతుకు ఒకరికి 61, ఇంకొకరికి 1 అయినప్పుడు, ఆ ధర శ్రమకు కట్టిన వెల కాదు, భయానికి కట్టిన వెల.

విండోస్ 11కు ఉచితంగా మారవచ్చు గదా అంటారు. దానికి టి.పి.ఎం. 2.0 భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ యంత్రమైతే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. ఆ తరం 2017లో వచ్చింది. అంతకు ముందటి యంత్రం ఎంత చక్కగా పనిచేస్తున్నా కంపెనీ లెక్కలో చెత్తే.

2017 మే 12న వన్నాక్రై లోకమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే మద్దతు ఆపిన కంపెనీ, గగ్గోలు పుట్టగానే దానికీ అతుకును అందరికీ ఇచ్చింది. గగ్గోలుకు తెరుచుకునే తలుపును ప్రకృతి నియమమని ఎలా నమ్మటం? అయితే మరో నిజం కూడా చెప్పాలి. నాడు బ్రిటన్ ఆసుపత్రులలో దెబ్బతిన్నవి ఎక్కువగా ఎక్స్‌పీ యంత్రాలు కావు. అతుకు చేతికందినా వేసుకోని విండోస్ 7 యంత్రాలు. కంపెనీని తిట్టినంత మాత్రాన మన అజాగ్రత్త మాసిపోదు.

అందుకే, గుత్తాధిపత్యం కూలేదాకా ఇంతేనని చేతులు ముడుచుకు కూర్చునే మన మిత్రులతో కూడా నాకు పేచీ వున్నది. అది కర్మసిద్ధాంతానికి పూసిన ఎర్రరంగు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు లినక్స్ మీద నడుస్తున్నాయంటే, ఉపాధ్యాయ సంఘాలు పట్టుబట్టాయి, ఉపాధ్యాయులు తాము నేర్చుకుని తోటివారికి నేర్పారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు గడువులు లేవా అంటే, వున్నాయి: ఉబుంటు దీర్ఘకాలిక విడుదలకు మామూలు మద్దతు ఐదేళ్లే. కాని కోడ్ తెరిచివుంటుంది. చేతనైనవాడు పూడ్చవచ్చు, కొత్తదానికి మారటానికి లైసెన్సు కొననక్కరలేదు.

ప్రణాళిక అనేది కొనేనాడే మొదలుకావాలి. ప్రతి కళాశాలలో, కార్యాలయంలో ఒక జాబితా వుండాలి: ఏ యంత్రంలో ఏ సాఫ్ట్‌వేర్, దాని గడువెప్పుడు, దానిమీద ఏ పని ఆధారపడింది. మార్చలేని యంత్రాన్ని ఇంటర్నెట్ నుండి వేరుచేయాలి. దస్తావేజులను ఏ ఒక్క కంపెనీకీ చెందని ఓపెన్ డాక్యుమెంట్ రూపంలో దాచాలి. ప్రజాధనంతో కొనే ప్రతి టెండరులో షరతు పెట్టాలి: మద్దతు ఆపిన కంపెనీ సోర్స్ కోడ్‌ను ప్రజలకు అప్పగించాలి.

పెద్ద సంస్థల లెక్కలు నడిపే ఎస్.ఏ.పి. పాత బిజినెస్ సూట్ చివరి రూపాలకు మామూలు మద్దతు 2027 చివరిదాకానే అని ప్రకటించారు. తేదీ ముందే తెలుసు, కర్త ఎవరో తెలుసు. ఆనాడు కూడా ‘ముగిసింది’ అనే రాసుకుందామా?