యానాము పోదమా, మానుదమా?



పత్తి తొలితీత ముగిసి, మిరపకాయ యింకను కల్లమునకు రాని దినములలో మన నల్లరేగడి సీమ స్త్రీలకు నాలుగు నాళ్లు తీరిక చిక్కును. అటుపిమ్మట కాయ కోయించుట, ఎండబెట్టించుట, తాలుకాయ యేరించుట, బస్తాలు గుంటూరు యార్డునకు పంపించుట, వీనితో ఉగాది దాటువరకు ఎవరికిని ఊపిరి సలుపదు. ఆ నాలుగు నాళ్ల కొఱకే మా వీధివారము పదునొకండుగురము ఏడాది పొడవున చీటి కట్టి సొమ్ము కూర్చుకొంటిమి. తిరుపతి, శ్రీశైలము, అన్నవరము లోగడనే యైనవి. ఈ మాఱు మాలోని పడుచువారు క్రొత్త మాట యొకటి తెచ్చిరి. ఓడ యెక్కకయే, దేశము దాటకయే ఫ్రెంచివారి పట్టణము చూడవచ్చునట, చూతము రండని పట్టుబట్టిరి. అట్టివి మనకు అందుబాటులో రెండు కలవు. ఒకటి పుదుచ్చేరి, రెండవది యానాము. ఏది చూడదగినది, అసలు చూడదగినదా కాదా యని తేల్చు పని నా నెత్తిన బెట్టిరి. “యానాములో ఏమున్నది? కాకినాడ ప్రక్క మఱియొక యూరు,” అని మా యింటివారు పత్రిక మడిచి బడికి వెడలిపోయిరి. పుదుచ్చేరి నేను రెండు దినములుండి చూచినదే. యానామున ఒక కార్తికమాసమున ద్రాక్షారామ యాత్రలో ఒక పూట దిగితిని. ఆ యెఱుకతోను, చదివిన పుస్తకములతోను నాకు తోచినది ఈ నెల యీ పుటలో వ్రాయుచున్నాను.

ఫ్రెంచివారు మనకు క్రొత్తవారు కారు. 1752లో వారు తమ కచేరీని కొండవీటి నుండి దింపి గుంటూరున పెట్టిన పిమ్మటనే గుంటూరునకు పట్టణపు పోలిక వచ్చినది. బొబ్బిలి కథ వినని తెలుగిల్లు లేదు గదా! 1757 జనవరిలో విజయనగరము వారి పక్షమున ఆ కోటపై ఫిరంగులు నడపిన బుస్సీ దొర ఫ్రెంచివాడే. 1758 డిసెంబరులో చందుర్తి యొద్దను, 1759 ఏప్రిలులో మచిలీపట్టణముననూ ఆంగ్లేయులచేత ఓడుటతో వారి దొరతనము మన సీమలో ముగిసినది. మచిలీపట్టణమున ఫ్రెంచిపేట యను పేరు మిగిలినది. అచ్చట వారికి మిగిలిన కొద్దిపాటి జాగా కూడ 1947 అక్టోబరులో మన ప్రభుత్వము వశమైనది. గుంటూరులో వారిని తలపించు గోడ యొకటియైనను నేను చూడలేదు. కనుక చూడవలెనన్న పొరుగూరు పోక తప్పదు.

మొదట పుదుచ్చేరి సంగతి. ఒంగోలు మీదుగా చెన్నపట్టణము చేరి, అచ్చట నుండి సముద్రపుటొడ్డున 150 కిలోమీటర్ల పైచిలుకు బస్సులో పోవలయును. ఊరి నడుమ ఒక కాలువ. కాలువకు తూర్పున సముద్రము వైపు తిన్నని వీధులు, పసుపురంగు గోడలు, వీధిపేర్లు ఫ్రెంచిలో. పోలీసువారికి నేటికిని ఎఱ్ఱటోపీ కలదు. 1826లో పెట్టిన ఫ్రెంచి పాఠశాల నేటికిని నడచుచున్నది. 1955లో వచ్చిన ఫ్రెంచి విద్యాసంస్థలో తాళపత్రములను భద్రపఱచుచున్నారు. దేశము చేతులు మాఱునప్పుడు ఫ్రెంచి పౌరులుగనే ఉండ గోరిన కుటుంబములవారు కొందఱు అచ్చటనే యున్నారు. ఫ్రాన్సు ఎన్నికలు వచ్చినపుడు వీరు పుదుచ్చేరిలోనే ఓటు వేయుదురు. ఇంత యున్నను, కూరగాయల అంగడికి పోయితిరా, వినబడునది అరవమే. ఫ్రెంచి మాట చెవిని పడవలెనన్న ఆ పాఠశాల వాకిట పిల్లలు బయటికి వచ్చు వేళ నిలువవలయును. నేను నిలిచితిని. మన పిల్లల వలెనే వారును జగడమాడుకొనుచు బోవుచుండిరి.

అచ్చటి పురాతనము గూడ మనమనుకొనునంత పురాతనము కాదు. 1761 జనవరిలో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ముట్టడించి పట్టుకొని, ఊరిని నేలమట్టము చేసిరి. నేడు కనబడునదంతయు అటు తరువాత కట్టినది. కాని తెలుగు చదువుకొన్న వారికి అచ్చట ఒక చుట్టము కలడు. డూప్లే దొరకు దుబాసియై, 1736 మొదలు 1761 వఱకు దినచర్య వ్రాసిన ఆనందరంగపిళ్ళ యీ యూరివాడే. ఆయన పేరిటనే కస్తూరి రంగకవి తెలుగున ఆనందరంగరాట్ఛందమను లక్షణగ్రంథము రచించెను. చిన్ననాడు మా నాన్నగారు నాకు గణములు, యతిప్రాసలు చెప్పునపుడు ఈ పేరు వింటిని గాని, ఆ రంగడు అరవదేశమున ఫ్రెంచివారి కొలువులో నుండెనని అప్పుడెఱుగను. పిల్లలతో పోవువారికి, రెండు దినములు విడిది ఖర్చునకు వెనుదీయని వారికి పుదుచ్చేరి చూడదగినదే యని నా తీర్పు. మా చీటి సొమ్ము అంతదూరము ప్రాకదు.

ఇక యానాము. గౌతమి నుండి కోరంగి యేరు చీలుచోట, 30 చదరపు కిలోమీటర్ల గడ్డ. 2011 జనాభా లెక్కలో 55,626 మంది. ఫ్రెంచివారు 1723లో ఇచ్చట వర్తకపు కొట్టు తెఱచి, సాగక నాలుగేండ్లకు మూసి, 1731లో మరల తెఱచిరి. ఐరోపాలో ఆ యిరువురు దొరలకు కయ్యము వచ్చినప్పుడెల్ల ఆంగ్లేయులు యానామును పట్టుకొనుట, వియ్యము కుదిరినపుడు తిరిగి యిచ్చుట! 1954 జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్యగారు మున్నగువారు పూనుకొని ఫ్రెంచి పాలనను తొలగించిరి. ఆ నవంబరు 1న నాలుగు ఫ్రెంచి పట్టణములను ఒక్కసారిగా అప్పగించిరి. కాగితముల మీద అది పూర్తి యగుటకు 1962 ఆగస్టు 16 వఱకు పట్టినది. నేటికిని యానాము, చుట్టును ఆంధ్రదేశమే యున్నను, 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న పుదుచ్చేరి పాలనలోనిదే.

అచ్చట ఫ్రెంచి మాట వినబడునని పోవువారు పోవద్దు. వినబడునది గోదావరి యాస తీయని తెలుగు. చూచుటకు 1846 నాటి క్రైస్తవ దేవాలయమున్నది, పాలనాధికారి కచేరి యున్నది, మీసములతో నున్న వేంకటేశ్వరస్వామి యున్నాడు. ఈయనను మీసాల వెంకన్న యందురు. అట్టి దర్శనము వేఱొకచోట నాకు కాలేదు. పారిసు గోపురమునకు పోలికగా నూరు మీటర్ల యెత్తున ఇటీవల ఒక యినుప గోపురము నిలిపిరి. పిల్లలకు నచ్చును, నాకు నచ్చలేదు. గోదావరి యెదుట నిలిచి ఇనుమును చూచుటెందుకు? ఏటిగట్టు మీద సాయంకాలము కూర్చుండుట మాత్రము నేను మఱువలేనిది. కృష్ణ కాలువ నీటికి వంతులు వేసికొను మనబోంట్లకు అంత నీరు చూచుటయే ఒక పండుగ. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి బాల్యము ఈ యూరనే గడచినది. పద్యము నోటికి వచ్చినవారికి అదియు ఒక నెపమే.

ఈ రేవులనుండియే మనవారు సముద్రము దాటిరి. 1828 ప్రాంతమున యానాము నుండి కూలివారు ఫ్రెంచివారి రియూనియన్ దీవికి పోయిరి. ప్రక్కనున్న కోరంగి యొకప్పుడు గొప్ప రేవు. 1839లో వచ్చిన ఉప్పెన దానిని తుడిచిపెట్టినది. మారిషస్ దీవిలో తెలుగువారికి నేటికిని కోరంగివారను పేరు కలదు. అచ్చటి తెలుగు ఆడుపడుచులు ఇంట మాటాడునది ఫ్రెంచినుండి పుట్టిన క్రియోలు. ఫ్రెంచి మాటాడు తెలుగువారిని చూడవలెనన్న యానాము గాక, యానాము నుండి ఓడ పోయిన దిక్కు చూడవలయునన్నమాట.

ఇంతమాత్రమే యైనచో “మానుదము” అని వ్రాసి యుందును. నా మనసు త్రిప్పినది వేఱు. చదువరులలో పెద్దలు యానామునకు కల్యాణపురమను పేరు విని యుందురు. 1929లో శారదా చట్టము వచ్చినది. పేరు వినగానే సరస్వతీదేవి యనుకొందురేమో, అది ఆ చట్టము తెచ్చిన హరబిలాస్ శారదాగారి యింటిపేరు. 1930 ఏప్రిల్ 1 మొదలు బాలికకు 14, బాలునకు 18 ఏండ్లు నిండక పెండ్లి చేసిన శిక్ష. ఆ చట్టము ఆంగ్లేయుల భూమిపైననే గాని ఫ్రెంచివారి భూమిపై చెల్లదు. ఇంకేమి! పెండ్లివారు బండ్లు కట్టుకొని, పడవలెక్కి, ఒడిలో పిల్లలను బెట్టుకొని యానామునకు దారితీసిరి. పుస్తె కట్టించి, మఱునాడు ఇల్లు చేరినచో అడుగువారు లేరు. దేశమంతయు ఆడుపిల్ల మేలునకై ఒక గీత గీసికొనగా, ఈ చిన్న ఊరి పొలిమేర దానిని చెఱిపినది.

మా వీధిలో ఒక మామ్మగారున్నారు. పుట్టినది కోనసీమ. ఉద్యోగము వెంబడి ఆమె పెనిమిటి ఇటు వచ్చి స్థిరపడెను. ఇప్పుడు ఎనుబదియెనిమిదేండ్లు. యానాము మాట వచ్చినపుడు ఆమె ప్రత్తి వత్తులు చేసికొనుచు మా అరుగు మీద కూర్చుండి యుండెను. “నా పెళ్లి అక్కడే అయింది, అమ్మాయీ,” అనెను. 1945లో, ఆమెకు ఎనిమిదవ యేట. ఎట్లయినదని నేనడిగితిని. “ఏమో, నాకేం తెలుసు? నిద్రపోతున్నాను. లేపి కూర్చోబెట్టారట. పడవ ఎక్కడం బాగా జ్ఞాపకం. చేతిలో చక్కెరచిలక పెట్టారు. పక్క పందిట్లో ఇంకో పిల్ల ఏడుస్తోంది, దాని చిలక విరిగిపోయిందని.” కొంత తడవూరకుండి మరల ననెను: “మూడో తరగతి పుస్తకం అప్పుడే కొన్నారు. అట్టైనా వెయ్యలేదు దానికి. పెళ్లయిన పిల్లకి బడేమిటన్నారు.” ఈమెకు భారత మంతయు చెవిని వినినదే గాని కంట చదివినది కాదు. మధ్యాహ్నములందు నేను చదువగా వినుటకు వచ్చును. ఒకనాడు నేను తప్పి రెండు పద్యములు దాటివేసినచో పట్టుకొనును.

పొలిమేర యొక్కటే, పనులు రెండు విధములు. 1908లో తమిళకవి సుబ్రహ్మణ్య భారతి, 1910లో అరవింద ఘోషుగారు ఆంగ్లేయుల చెఱ తప్పించుకొని పుదుచ్చేరిలో నిలువగలుగుట ఆ గీత చలువయే. అదే గీత యానాములో పసిపిల్లల మెడలో పుస్తె కట్టించినది. నేడును అది పని చేయుచునే యున్నది. అచ్చట సారాయిపై పన్ను తక్కువ. యానాము పోవుదమని మనకన్న ముందు మగవారు ఏల ఉత్సాహపడుదురో ఇప్పుడు తెలిసెను గదా.

నేడు ఆడుపిల్లకు పెండ్లియీడు 18 ఏండ్లు. 1978 నుండి అంతే, యానామున కూడ అంతే. అయినను 2019–21 నాటి కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున ఇరువదికిని ఇరువదినాలుగింటికిని నడుమనున్న స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకయే పెండ్లియైనదని తేలినది. వీరెవ్వరును పడవ యెక్కి పొలిమేర దాటినవారు కారు. మా పదునొకండుగురిలో ఒకామె కూతురు ఇంటరు మొదటి యేడు చదువుచున్నది. సంబంధము వచ్చినది, మంచిదట, ఎకరములున్నవట, మిరప ధర బాగున్న యీ యేడే కానిచ్చుట మేలట. ఆ తల్లి నాకు అక్క వంటిది, నేను నోరు తెఱచి కాదన్నచో మాట పట్టింపు వచ్చును. అందుచే నేను చెప్పినది ఒక్కటే: యానాము పోవుదము, మామ్మగారిని తీసికొని పోవుదము, పిల్లకు సెలవు పెట్టించి దానిని గూడ తోడు తెమ్ము, ముసలామెకు చేయి పట్టుటకు ఒకరు కావలెను గదా యని. ఆమె సరే యన్నది. మామ్మగారు మాత్రము, “పందిరి వేసిన చోటు నాకు తెలీదు, రేవు మాత్రం గుర్తుపడతాను,” అనెను.

పోవు విధము చెప్పెదను. కార్తికములో పంచారామముల యాత్ర చేయువారికి యానాము కొఱకు వేఱు ప్రయాణమక్కరలేదు. ద్రాక్షారామమునకు ఇంచుమించు 20 కిలోమీటర్లు. ఉదయము భీమేశ్వరుని సేవించుకొని బయలుదేరినచో మధ్యాహ్న భోజనము వేళకు యానాము చేరుదురు. యాత్ర కానివారు విజయవాడ, రాజమహేంద్రవరము మీదుగా రైలులో కాకినాడ చేరి, అచ్చట నుండి 30 కిలోమీటర్లు బస్సులో పోవచ్చును. మంగళవారము అచ్చట సంత. బేరమాడువారికి వేడుకయే గాని ముసలివారు వెంట నున్నపుడు ఆ దినము వద్దు. మధ్యాహ్నము గుడులు, చర్చి చూచుకొని, ఎండ వాలిన పిమ్మట ఏటిగట్టునకు పోవలయును. రాత్రి బస అచ్చట కన్న కాకినాడలో సుళువు. ఒక పూట చాలును, రెండవ పూటకు పని లేదు. మేము కార్తిక బహుళమున, మంగళవారము గాని దినము చూచి పోవ నిశ్చయించితిమి. టికెట్లు పదమూడు తీసికొంటిమి.