ఊరు పోయింది... దారి మిగిలింది!

ఆ దారిలోకి దిగితే ముందుకెళ్లాల్సిందే. వెనక్కి తిరగడానికి వీల్లేదు!

అమెరికాలోని డెత్‌వ్యాలీ జాతీయ పార్కులో ఉన్న టైటస్ కేన్యన్ రోడ్డు కథ ఇది. నెవాడాలోని బీటీ పట్నం దగ్గర మొదలయ్యే ఈ మట్టిబాట పొడవు దాదాపు 43 కిలోమీటర్లు. చివరి కొద్దిదూరం తప్ప అంతా వన్‌వే. రాళ్లు తేలి ఉంటుంది కాబట్టి నేలకు ఎత్తుగా ఉండే జీపులే మేలు. మెలికలు తిరుగుతూ 1,600 మీటర్ల ఎత్తున రెడ్‌పాస్ కనుమ ఎక్కితే చుట్టూ రంగురంగుల కొండలే.

కిందకి దిగితే లెడ్‌ఫీల్డ్. తుప్పు పట్టిన రేకుల గుడిసెలు, గని సొరంగాలు... ఊరంటూ మిగిలింది అంతే. ఇక్కడ సీసం దండిగా ఉందంటూ 1926లో సి.సి.జూలియన్ అనే వ్యాపారి ఊరించి షేర్లు అమ్మాడు. వందలమంది వచ్చి చేరారు. ఆగస్టులో పోస్టాఫీసూ వచ్చింది. తీరా తవ్వితే దొరికింది నాసిరకం ఖనిజం! 1927 జనవరిలో పోస్టాఫీసు మూతపడింది, ఊరు ఖాళీ అయింది.

అక్కణ్నుంచి ముందుకెళ్తే లోయ ఇరుకైపోతుంది. కొన్నిచోట్ల వెడల్పు ఆరు మీటర్లే, రెండువైపులా నిలువెత్తు రాతిగోడలు. వానొస్తే వరద దూకేదీ ఇందులోంచే. అందుకే దారి తెరిచి ఉందో లేదో పార్కు సిబ్బందిని అడిగాకే బయల్దేరాలి.

ఇంతకీ ఈ బాట వేసింది ఆ గనుల కోసమే. షేర్లు కొన్నవాళ్లకి మిగిలింది నష్టమే. అందమైన దారి మాత్రం తర్వాత వచ్చిన పర్యాటకులకు దక్కింది!