పై కిటికీలు మూసేముందు ఒక్కసారి తలెత్తి చూద్దాం



వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక సర్వసభ్య సమావేశం ఉంది. అజెండాలో మూడో అంశం మన చర్చికి ఫాల్స్ సీలింగ్, ఏసీ. కొటేషన్ గ్రూపులో అందరం చూశాం. మొత్తం ఎంతో చూసి, అందులోని ఒక వాక్యాన్ని మాత్రం చాలామందిమి దాటేశాం. పై వెంటిలేటర్లన్నీ పూర్తిగా మూసేస్తారట. మనం ముందు మాట్లాడుకోవలసింది దాని గురించే.

మన చర్చిలో మధ్య హాలు ఎత్తు, రెండు పక్కల వసారాలు పొట్టి. వసారా కప్పుకి పైన, మధ్య హాలు కప్పుకి కింద మిగిలిన గోడలో ఒక్కో వైపు ఎనిమిది కిటికీలు. మనం వెంటిలేటర్లు అనేస్తాం. కట్టడాలు చదువుకున్నవాళ్ళు ఆ భాగాన్ని క్లియర్‌స్టోరీ అంటారు. ఇక్కడ స్టోరీ అంటే కథ కాదు, అంతస్తు. వెలుగు వచ్చే అంతస్తు అన్నమాట.

ఇది చర్చిల కంటే పాత ఆలోచన. ఈజిప్టులో కర్నాక్ గుడి పెద్ద మంటపంలో 134 స్తంభాలున్నాయి. నడిమి 12 స్తంభాలు మిగతావాటికంటే ఎత్తు. ఆ ఎత్తు తేడాలో రాతి జాలీలు పెట్టి లోపలికి వెలుగు తెచ్చారు. తర్వాత రోమన్లు తమ పెద్ద హాళ్ళకు ఇదే పద్ధతి వాడారు. క్రైస్తవులు పెద్ద చర్చిలు కట్టడం మొదలుపెట్టాక ఆ హాళ్ళ నమూనానే తీసుకున్నారు. రోములో అయిదో శతాబ్దంలో కట్టిన శాంతా సబీనా చర్చిలో గోడ పైభాగం పొడుగునా కిటికీల వరస ఇప్పటికీ ఉంది. కారణం చాలా మామూలుది. హాలు వెడల్పయ్యేకొద్దీ పక్క కిటికీల వెలుగు నడిమికి అందదు. పైనుంచే రావాలి.

దానికోసం ఎంత కష్టపడ్డారో ఫ్రాన్సులోని షార్త్ర్ చర్చి చూస్తే తెలుస్తుంది. 1194లో మంటల్లో కాలిపోయాక దాన్ని మళ్ళీ కట్టారు. లోపలి కప్పు ఎత్తు దాదాపు 37 మీటర్లు. రాతి కప్పు బరువు గోడల్ని బయటికి తోస్తుంది. గోడలో పెద్ద కిటికీలు పెడితే ఆ గోడ బలం తగ్గుతుంది. అందుకని బయటినుంచి రాతి కమానులతో గోడలకు ఊతమిచ్చారు. అదే దేశంలో బోవేలో ఇంకా పైకి, 48 మీటర్ల దాకా వెళ్ళారు. 1284లో ఆ కప్పు కొంత కూలింది. కూలినదాన్ని మళ్ళీ అదే ఎత్తుకి నిలబెట్టారు.

మన తాతలు షార్త్ర్ చూసినవాళ్ళు కారు. బతుకుతెరువుకి ఈ కన్నడ ఊరికి వచ్చినవాళ్ళు. కానీ మండువా ఇళ్ళు తెలిసినవాళ్ళు. ఇంటి నడుమ పైనుంచి వెలుగు దిగాలి, వేడి పైకి పోవాలి అని ఎవరూ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ కిటికీలు అందం కోసం పెట్టినవి కావు. వేడిగాలి పైకి లేస్తుంది, పైన దారి ఉంటే బయటికి పోతుంది, కింద తలుపుల్లోంచి చల్లగాలి వస్తుంది.

మరి ఇంత ఉక్కపోత ఎందుకు అంటారా? నిజం ఒప్పుకుందాం. ఆ కిటికీలు తాడు లాగితే తెరుచుకునేవి. తాళ్ళు తెగి ఎన్నో ఏళ్ళయింది. ఒక్కటీ మార్చలేదు. పెయింటు వేయించినప్పుడు రెక్కలు చట్రాలకు అతుక్కుపోయాయి. క్రిస్మస్ కార్యక్రమానికి ప్రొజెక్టర్ పెట్టిన ఏడు దక్షిణం వైపు అద్దాలకు నల్ల కాగితం అంటించింది మనమే. ఒక్కరోజుకని అంటించాం. ఇంకా ఉంది. కిటికీలు పనిచేయడం మానేయలేదు, మనమే పని చేయనివ్వలేదు.

ఏసీ కావాలంటున్నవాళ్ళ మాట తీసిపారేసేది కాదు. మే నెలలో మన పెద్దమ్మలు, తాతగార్లు ఆరాధన మధ్యలో లేచి బయటికి వెళ్ళడం అందరం చూస్తున్నాం. పావురాల బెడద ఉంది. గాలివానకు జల్లు కొడుతుంది. రోడ్డు మీద హారన్ల మోతకి వాక్యం వినబడదు. కానీ పావురాలకు వల ఉంది, జల్లుకి చిన్న సజ్జా చాలు. హారన్లు ఎక్కువగా వచ్చేది రోడ్డు వైపు తలుపుల్లోంచి. సీలింగ్ వేశాక దూలాలకు చెద పట్టినా, పెంకు పగిలి కారినా పలక మీద మరక పడేదాకా మనకు తెలియదు. ఏసీ బిల్లు ప్రతి నెలా వస్తుంది. కరెంటు పోయిననాడు పైన దారి లేని హాలులో కూర్చోవాలి. ఇంకొకటి, కీర్తన ఎత్తుకున్నప్పుడు ఆ ఎత్తు కప్పు కింద యాభైమంది గొంతులు రెండొందలమంది పాడినట్టు మోగుతాయి. సీలింగ్ పలకల్లో చాలా రకాలు ఆ మోతని పీల్చేస్తాయి. ఇళ్ళలో పిల్లలు కన్నడం, బడిలో ఇంగ్లీషు. నోరారా తెలుగు పాడేది వారానికి ఒక్క పూట, ఇక్కడే.

కాబట్టి మన ప్రతిపాదన ఇది. ముందు నల్ల కాగితం తీసేద్దాం. అతుక్కున్న రెక్కలు విడిపించి తాళ్ళు, వలలు, సజ్జాలు వేయిద్దాం. వసారా చివరి గదికి ఒక ఏసీ పెట్టి, పెద్దవాళ్ళూ పసిపిల్లల తల్లులూ అక్కడ కూర్చుని వినేలా స్పీకర్ పెడదాం. ఒక్క వేసవి చూద్దాం. అప్పటికీ చాలకపోతే సీలింగ్ మాట మళ్ళీ అజెండాలోకి తెద్దాం, మనమే ముందు చేయెత్తుతాం.

ఓటు వేసేముందు ఒక పని చేయండి. ఈ ఆదివారం పావుగంట ముందు రండి. ట్యూబులైట్లు ఆర్పించి మూడో బెంచీలో కూర్చుని కీర్తనల పుస్తకం తెరవండి. ఉత్తరం కిటికీల వెలుగులో అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూసి, ఇక్కడ కింద రాయండి.