అరుంధతి పరీక్షలో వస్తుందా?

పదో తరగతిలోకి వచ్చిన పిల్లని మే నెలంతా అమ్మమ్మ ఊళ్లో ఉంచానని చుట్టాలందరికీ నా మీద కోపం. "బ్రిడ్జి కోర్సులో వేయలేదా? మిగతా పిల్లలు ఈపాటికి ఫిజిక్సు సగం అయిపోగొట్టారు" అంటారు. సెలవుల్లో క్లాసులు వద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది, కాలేజీలు పెడుతూనే ఉంటాయి, మనం ఫీజులు కడుతూనే ఉంటాం. కాలేజీలని తిట్టడం తేలికే. కట్టేది మనమే కదండీ?

మా ఉంగుటూరులో ఏం నేర్చుకుందో చెబుతాను, మీరే లెక్క వేసుకోండి.

ఆవకాయ ముక్కలు తుడుస్తూ మా అమ్మ, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంది. "రోహిణి నక్షత్రం కదా, దాని పేరు ఎండకెందుకు పెట్టారు?" అని అడిగింది మా అమ్మాయి. ఆ పక్షం రోజులూ సూర్యుడు ఆ నక్షత్రం దిక్కున ఉంటాడు కాబట్టి. అంటే తన కార్తెలోనే రోహిణి మన కంటికి కనపడదు, సూర్యుడి వెలుగులో మునిగిపోతుంది. చూడాలంటే చలికాలం దాకా ఆగాలి. అప్పుడు కనిపించే వెలుగు అక్కడ బయల్దేరి సుమారు 65 ఏళ్లయి ఉంటుంది, అంటే ఇంచుమించు మా అమ్మ పుట్టినప్పుడు. అది విని మా అమ్మ ముక్కలు వదిలేసి కాసేపు అలాగే ఉండిపోయింది.

మే 7 ప్రాంతంలో మన వైపు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకి పెరట్లో రోకలి నిటారుగా నిలబెడితే పక్కకి నీడే లేదు! దీనికి ఏ ఫీజూ లేదు. ఊళ్లో ఇల్లు లేనివాళ్లు బాల్కనీలో స్టీలు గ్లాసు బోర్లించినా చాలు.

ఇక అరుంధతి. నక్షత్రం అంటే మనకి సంబంధాలు చూసేటప్పుడే గుర్తొచ్చే మాటైపోయింది. పట్టపగలు ముహూర్తంలో పంతులుగారు వేలు చూపిస్తే కనిపించిందని తలూపినవాళ్లం మనలో ఎంతమంది లేరు! మేలో రాత్రి తొమ్మిది పదింటికి ఉత్తరాన సప్తర్షులు బాగా పైకొస్తారు. గరిట కాడలో మధ్య చుక్క వశిష్ఠుడు, దానికి ఆనుకుని సన్నగా అరుంధతి. పెళ్లయిన పదిహేడేళ్లకి నేను నిజంగా చూశాను, మా అమ్మాయి పక్కన డాబా మీద పడుకుని.

ఆ డాబా మీదే, నూజివీడు రసం తిని చేతులైనా కడుక్కోకుండా, "ఇంత విశ్వంలో మనం ఉంటే ఎంత, లేకపోతే ఎంత?" అంది. మా పిన్ని కింద నుంచి విని, "ఆడపిల్లకి ఆ ఆలోచనలేంటి, బుర్ర పాడవుతుంది, కిందికి తీసుకురా" అని కేకేసింది. నా అసలు కోపం ఇక్కడే. పదిహేనేళ్ల పిల్లకి ఆ ప్రశ్న మనం వద్దంటే ఆగుతుందా? హాస్టల్ మంచం మీద కూడా వస్తుంది, మార్కులు తగ్గిన రాత్రి మరీ వస్తుంది. అప్పుడు పక్కన ఎవరుంటారు? ఆ మాట నా పక్కన పడుకుని అడిగితేనే నాకు ధైర్యం. జవాబు నా దగ్గరా లేదు, "నాకూ తెలీదే" అన్నాను. ఇద్దరం పన్నెండింటి దాకా మాట్లాడుకున్నాం. ఏ బ్రిడ్జి కోర్సు ఆ మూడు గంటలు ఇస్తుందో చెప్పండి, రేపే చేర్పిస్తాను.

"అవన్నీ పరీక్షలో రావు కదా" అంటారు. రావు. ఆవకాయా రాదు, అయినా ఏటా పెట్టుకుంటున్నాం.

ఆగస్టు 5, 6 తేదీల్లో నీడ మళ్లీ మాయమవుతుంది, మబ్బు లేకపోతే. ఆ మధ్యాహ్నం క్లాసు మొత్తాన్నీ ఐదు నిమిషాలు ఆరుబయటికి వదలమని హెడ్మాస్టరు గారికి ఉత్తరం రాస్తోంది మా అమ్మాయి. తల్లిదండ్రుల సంతకాలు కావాలట, ఇప్పటికి మూడొచ్చాయి.