టేపు అంటించినవాళ్లు, టేపు చూసినవాడు

ఫోన్ ట్యాపింగ్ మాట వచ్చినప్పుడల్లా మన పత్రికలు వాటర్‌గేట్‌ను తలుచుకుంటాయి. నిక్సన్ అంటాయి, ఇద్దరు విలేకరులు అంటాయి, అక్కడితో ఆపేస్తాయి. మేం ఆ రాత్రి తలుపుకు రెండువైపులా ఉన్న ఇద్దరి సంగతి చూడాలంటాం.

ఒకరు జేమ్స్ మెకార్డ్. సీఐఏలో దాదాపు రెండు దశాబ్దాలు పనిచేసి 1970లో రిటైరయ్యాడు. 1972 నాటికి నిక్సన్‌ను మళ్లీ గెలిపించే కమిటీకి భద్రత చూసే మనిషి. ప్రజల సొమ్ముతో నేర్చిన విద్యను ఒక అభ్యర్థికి అద్దెకిచ్చాడన్నమాట. జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులోకి మరో నలుగురితో కలిసి చొరబడ్డాడు. గడియ పడకుండా కింద తలుపులకు టేపు అంటించి ఉంచారు.

రెండో మనిషి ఫ్రాంక్ విల్స్. 24 ఏళ్ల నల్లజాతి యువకుడు, రాత్రి కాపలాదారు, జీతం వారానికి 80 డాలర్లు. టేపు చూసి పీకేశాడు. మళ్లీ వచ్చి చూస్తే కొత్త టేపు! పోలీసులకు ఫోన్ చేశాడు. ఐదుగురూ దొరికిపోయారు.

మెకార్డ్ తర్వాత నోరు విప్పిన మాట నిజమే. 1973 మార్చిలో జడ్జి సిరికాకు రాసిన ఉత్తరంలో, నేరం ఒప్పుకుని మౌనంగా ఉండమని తమపై ఒత్తిడి తెచ్చారని, కోర్టులో అబద్ధపు సాక్ష్యాలు చెప్పారని బయటపెట్టాడు. దాంతోనే కుట్ర మూత ఊడింది. కానీ దాన్ని పశ్చాత్తాపం అనడానికి మాకు మనసొప్పదు. నేరాన్ని సీఐఏ నెత్తిన రుద్దితే అడవిలో ప్రతి చెట్టూ కూలుతుందని అతను అంతకుముందే హెచ్చరించాడు. అతని విధేయత రాజ్యాంగం కన్నా ముందు తన పాత సంస్థకే.

ఇంకో ప్రశ్న. ఇలాంటి చొరబాట్లు అప్పటికి కొత్తవా? మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లను ఎఫ్‌బీఐ ఏళ్ల తరబడి విన్నది. 1969 డిసెంబర్ 4న షికాగోలో బ్లాక్ పాంథర్ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ను పోలీసులు ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ ఇంటి నక్షా ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్ ఇచ్చిందే. అప్పుడు ఏ అధ్యక్షుడి కుర్చీ కదల్లేదు. పెద్ద పార్టీ తలుపు తీసినప్పుడే అది కుంభకోణమైంది.

ఇప్పుడు తలుపు తీయాల్సిన పని కూడా లేదు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి మాల్‌వేర్‌తో ఫైళ్లు చొప్పించారని అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ 2021 ఫిబ్రవరిలో తేల్చింది. అయినా అదే కేసులో ఆనంద్ తేల్తుంబ్డే 2022 నవంబర్ దాకా జైల్లోనే ఉన్నారు.

నిక్సన్‌కు క్షమాభిక్ష దొరికింది. మెకార్డ్ కొద్ది నెలల్లోనే జైలు నుంచి బయటికొచ్చాడు. విల్స్ సినిమాలో తన పాత్ర తానే వేశాడు గానీ, నిలకడైన ఉద్యోగం దొరకలేదు. 1983లో 12 డాలర్ల బూట్ల జత దొంగిలించాడని ఏడాది జైలుశిక్ష వేశారు. తల్లి చనిపోతే ఖననానికి డబ్బుల్లేక దేహాన్ని వైద్య పరిశోధనకు ఇచ్చేశాడు. 2000లో, 52 ఏళ్లకు, మెదడులో కణితితో పోయాడు.