చదువరియైన యంత్రము

2010 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున, ఆచార్య టామ్ మిచెల్ గారును వారి సహచరులును ‘నెల్’ అను కంప్యూటరు వ్యవస్థకు, వెబ్‌పుటలను రేయింబవళ్లు చదువుచు లోకవిషయములను తనంతట తానే గ్రహించు పనిని అప్పగించిరి. నగరము, వ్యాధి, క్రీడాకారుడు మొదలైన ఒక్కొక్క వర్గమునకు పదో పదిహేనో ఉదాహరణములు మాత్రమే చూపగా, ‘ఫలానా నగరపు మేయరు’ వంటి పదబంధముల జాడబట్టి అది కొత్త పేర్లను పట్టుకొనుచు, ఆ పేర్ల వెంట మరికొన్ని పదబంధములను పోగుచేసికొనుచు సాగెను.

ఈ పద్ధతికి సొగసు ఎక్కడనో ప్రమాదమును అక్కడనే. బ్రౌజరు దాచుకొను ‘కుకీ’ని అది తినెడి కుకీగా భ్రమించి బేకరీ తినుబండారములలో చేర్చినది, అంతతో ఆగక, ‘కుకీలను తొలగించితిని’, ‘ఫైళ్లను తొలగించితిని’ అను వాక్యముల పోలికను బట్టి, పాపము, ఫైళ్లను సైతము ఆ అలమారలోనే పెట్టినది! తుదకు మనుష్యులే కలుగజేసికొని దిద్దవలసివచ్చెను.

యంత్రము చదువునది మనము వ్రాసినదే గదా. ఒకరిని జూచి ఒకరు ఎక్కించిన అబద్ధము దానికి వంద సాక్ష్యములుగా తోచును. ఆంగ్లమునందే ఇట్లుండగా, వెబ్‌లో పాఠ్యము స్వల్పముగానున్న తెలుగు సంగతి చెప్పనేల? పెక్కు విషయములకు సరిచూచుకొనుటకై రెండవ పుటయే దొరకదు. కావున తమ ఊరి చెరువును గూర్చియో గుడిని గూర్చియో ఎరిగిన పాఠకులు, తెలుగు వికీపీడియాలో ఆధారసహితముగా నాలుగు వాక్యములు వ్రాయవలెనని నా మనవి.